రద్దీలో చెయ్యి పెట్టకూడదు

ఆ ఆఫీసులో రెండు గదులు. ముందుది వినే గది. ఊళ్ళో ఎవరికి ఏ ఆపద వచ్చినా అంబులెన్సు కోసం చేసే ఫోన్లన్నీ అక్కడికే వస్తాయి. వరుసగా బల్లలు, బల్లకో కంప్యూటరు, దాని ముందు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకున్న ఒక మనిషి. వెనకది మిషన్ల గది. అందులో చలి, హోరు, మిణుకుమనే పచ్చ దీపాలు. రెంటికీ మధ్య గోడలో నిలువెత్తు అద్దం ఉంది. అటువాళ్ళు ఇటు కనపడతారు గానీ వినపడరు.

గేటక్క అద్దానికి వెనకవైపు మనిషి. ఆ పేరు పెట్టింది మైకత్త. మైకత్త వినే గదికి పెద్ద. మైకు లేకపోయినా ఆవిడ గొంతు వీధి చివరిదాకా వెళ్తుందని ఆవిడకా పేరు. ఫోన్లన్నీ ఇప్పుడు ఇంటర్నెట్ తీగ మీద వస్తున్నాయి కదా, ఆ తీగ ఆఫీసులోకి అడుగుపెట్టే చోట ఒక కాపలా యంత్రం ఉంటుంది. ఫైర్‌వాల్ అంటారు. వచ్చిన ప్రతి ముక్కనీ నిలబెట్టి చూసి, మనదైతే లోపలికి వదులుతుంది, కాకపోతే బయటే పారేస్తుంది. దాని బాగోగులు చూసే మనిషి కాబట్టి గేటక్క.

అసలు ఆవిడ ఉద్యోగంలో చేరింది వినే గదిలోనే. ఆ రోజుల్లో ఆవిడ చెవుల గురించి కథలుగా చెప్పుకునేవారు. అవతలి మనిషి కంగారులో "రండి, త్వరగా రండి" తప్ప ఇంకేమీ చెప్పలేకపోతే, వెనక వినిపించే రంపం చప్పుడు పట్టుకుని కలప అడితి ఉన్న వీధికి బండి పంపించిందట. కొన్నేళ్ళు అలా విన్నది. ఒక మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేసి, ఇంటి గుర్తులన్నీ నెమ్మదిగా, తప్పు లేకుండా చెప్పి, ఆఖర్న "ఇంక తొందరేం లేదమ్మా" అన్నాడు. ఆవిడ ఆ షిఫ్టు పూర్తి చేసింది. హెడ్‌సెట్ తుడిచి పెట్టింది. ఇన్‌ఛార్జిగారి దగ్గరికెళ్ళి, గోడకి అవతల ఏదైనా పని ఉంటే ఇప్పించమని అడిగింది.

ఎందుకని భర్త ఒక్కసారి అడిగాడు. "చెవులు నిండిపోయాయి" అంది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణం మనిషి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి దీపం వేసి చూసి మాట్లాడకుండా ఉండటం అలవాటైనవాడు. మళ్ళీ అడగలేదు.

మిషన్ల గదిలో అప్పటికి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ మిషన్లని నడిపే లినక్స్ నేర్పింది ఆయనే. నల్ల తెర మీద ఒక్కో కమాండ్ కొట్టించి, అది చెప్పిన జవాబు ఆవిడ చేతే చదివించి, అర్థం చెప్పించి, అప్పుడు గానీ రెండోది కొట్టనిచ్చేవాడు కాదు. ఆయనకి ఒకటే నియమం. రద్దీలో చెయ్యి పెట్టకూడదు. భోజనాలయ్యాక ఊరంతా కాస్త కునుకు తీసే వేళ ఫోన్లు పలచబడతాయి. ఏ మార్పు చేసినా, ఏ పరీక్ష పెట్టినా అప్పుడే.

"నడుస్తున్న బండి కిందికి దూరి నట్టు బిగించేవాణ్ణి మెకానిక్కు అనరమ్మా" అనేవాడు. "శవం అంటారు."

ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. నియమం మిగిలింది. గేటక్క దాన్ని ఎంత నిష్ఠగా పాటించేదంటే, రద్దీ వేళల్లో యంత్రాల తెరలు కూడా తెరిచేది కాదు. చూస్తే చెయ్యి పెట్టబుద్ధేస్తుందని భయం. ఆ వేళల్లో టీ తాగేది, తీగలకు చీటీలు అంటించేది, అద్దంలోంచి అవతలివాళ్ళ పెదాలు కదలడం చూసేది. చప్పుడు లేకుండా చూస్తే ఏడుపూ నవ్వూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయని ఆవిడ కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఆవిడకో ఆడపడుచు. అందరూ పిట్ట అంటారు. భర్తకి చెల్లెలు, ముప్పై దాటింది, ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. గుడ్డ దుమ్ము పడదని డాక్టరు చెప్పినా వినదు.

"గుడ్డ దుమ్ము మానేస్తే గుడ్డలు మానెయ్యాలి. గుడ్డలు మానేస్తే పెళ్ళి చేసేస్తారు. దుమ్మే నయం వదినా" అనేది.

పెళ్ళి మాట ఎవరెత్తినా పిట్టకి వెంటనే దగ్గొచ్చేది. ఏది దొంగ దగ్గో, ఏది నిజం దగ్గో ఇంట్లో గేటక్క ఒక్కతే చెప్పగలిగేది. నిజంది వచ్చినప్పుడు మాట ఉండదు. గొంతులో సన్నగా ఈల మోగుతుంది, పెదాలు నీలంగా మారతాయి, చెయ్యి గాల్లో దేనికోసమో వెతుకుతుంది.

వినే గదిలో ఉన్న రోజుల్లో గేటక్క పెట్టించిన ఒక పద్ధతి పిట్ట కోసమే పుట్టింది. మాట వినపడని ఫోన్ వస్తే వెంటనే పెట్టెయ్యకూడదు. "మాట్లాడలేకపోతే ఫోన్ మీద వేలితో కొట్టండి" అని చెప్పాలి. చప్పుడు వినపడితే, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కొట్టమని, ఒక్కో పేటా అడుగుతూ ఇల్లు పట్టుకోవాలి. నంబరు తెర మీద కనపడుతుంది గానీ మనిషి ఎక్కడున్నాడో కనపడదు మరి. కొట్టమన్నా చప్పుడు రాకపోతే అది జేబులో నొక్కుకున్న ఫోనో, పిల్లల ఆటో అనుకుని పెట్టెయ్యడమే. తీరిక దొరికినప్పుడు తిరిగి చేస్తారు.

"ఊపిరాడనివాళ్ళందరికీ నా పేరు చెప్పి పుణ్యం చేసుకున్నావు" అని పిట్ట నవ్వేది. "నాకొస్తే మాత్రం నువ్వే ఎత్తాలి వదినా. ఆ కొత్తపిల్లలు నన్ను పేటలు అడుగుతూ కూచుంటే నేను పోతా."

"నేను ఇప్పుడు ఫోన్లు ఎత్తడం లేదుగా."

"గేటు నీదేగా? గేటు తీస్తావు, చాలు."

పాత ఫైర్‌వాల్ ఇనుప పెట్టె. ముసలిదైపోయింది. దాని ఫ్యాను ఉండుండి మూలిగేది. ఇన్‌ఛార్జిగారు బాగా ఆలోచించి, ఈసారి పెట్టె వద్దన్నారు. ఇప్పుడు అంతా పెట్టె లేని పెట్టెలు. గదిలో ఉన్న పెద్ద లినక్స్ సర్వర్‌లో హైపర్‌వైజర్ ఉంది. అంటే ఆ ఒక్క సర్వర్‌ని గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో ఒక్కో ఉత్తుత్తి కంప్యూటర్‌ని కాపురం పెట్టించే ఏర్పాటు. ఫైర్‌వాల్ కూడా ఇప్పుడు ఇనుము లేకుండా ఒక ఫైలుగా వస్తుంది. దాన్ని తెచ్చి అందులో దింపితే సరి.

గేటక్కకి ఆ పని నచ్చింది. చాలా రోజుల తర్వాత నిజంగా నచ్చిన పని. ముందు మూలనున్న చిన్న సర్వర్ మీద పరీక్షగా దింపింది. దానికి కావలసినంత మెమరీ ఇచ్చింది. రెండు ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డులు తగిలించి ఒకదాన్ని బయటి తీగకి, ఒకదాన్ని లోపలి తీగకి కట్టింది. ఏది బయట, ఏది లోపల అన్నది తారుమారైతే కొంప మునుగుతుందని మళ్ళీ మళ్ళీ సరిచూసింది. ఫైర్‌వాల్ అమ్మిన కంపెనీవాళ్ళు పంపిన లైసెన్స్ ఎక్కించింది. తెర మీద పచ్చ టిక్కు పడింది. రోజూ భోజనాల తర్వాత పరీక్షలు పెట్టింది. అది అన్నీ నెగ్గింది.

ఇంక పెద్ద సర్వర్ మీదికి మార్చాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు తరలించవచ్చు, లేదా దానికి నకలు తీసి నకలును నడపవచ్చు. గేటక్క నకలు తీసింది. అసలుది చెక్కుచెదరకుండా పక్కన ఉంటే ధైర్యం అనుకుంది. ఆవిడ తీరే అంత. ఇంటి తాళంచెవికి కూడా రెండు నకళ్ళు చేయించి, ఒకటి మేడ మీదావిడ దగ్గర, ఒకటి మొగుడి దుకాణంలో ఉంచేది. నకలు తీస్తున్నప్పుడు హైపర్‌వైజర్ ఆ కొత్తదానికి ఒక కొత్త గుర్తింపు సంఖ్య ఇచ్చింది. ఇద్దరు మనుషులకి ఒకే వేలిముద్ర ఉండకూడదు కదా, అలాగన్నమాట. ఆవిడ అది చూసింది. సబబే అనుకుంది.

లైసెన్స్ ముడిపడి ఉన్నది ఆ సంఖ్యతోనే అన్నది ఆవిడకి తోచలేదు.

మార్పు రోజున ఇన్‌ఛార్జిగారు స్వయంగా వచ్చి నిలబడ్డారు. భోజనాలయ్యాయి. గేటక్క పాత పెట్టె తీగలు పీకి కొత్తదానికి ఇచ్చింది. అవతల ఫోన్లు మోగాయి, పెదాలు కదిలాయి. మైకత్త తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"ఏదే, కొత్త గేటు? కనపడదేం?"

"కనపడదత్తా. ఆ సర్వర్ లోపలుంది."

"మా ఆయన తెలివి లాగన్నమాట. ఆయనా అంతే, లోపలుందంటారు. కాపరానికొచ్చి పాతికేళ్ళయింది, నేనింతవరకూ చూళ్ళేదు."

అందరూ నవ్వారు. ఇన్‌ఛార్జిగారు కూడా నవ్వారు. ఫ్యాను మూలుగు లేక గది వింతగా ఉంది. గేటక్కకి ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఏదో మరిచిపోయినట్టే అనిపించింది. ఆ మూలుగు లేకపోవడమేలే అని సరిపెట్టుకుంది.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు టీ దగ్గర మైకత్త అంది, "ఈ మధ్య మూగ ఫోన్లు ఎక్కువయ్యాయే. ఊళ్ళో కోతి పిల్లలందరికీ ఒక్కసారే ఫోన్లు కొనిచ్చారేమో."

"కొట్టమంటున్నారా?"

"అంటున్నాం తల్లీ, నీ పద్ధతి మేమెందుకు మానేస్తాం? కొట్టరు. ఊపిరి కూడా వినపడదు. బావిలోకి తొంగి చూసినట్టుంటుంది."

గేటక్క ఆ మధ్యాహ్నమే పరీక్ష చేసింది. తన ఫోన్ నుంచి వినే గదికి చేసి మాట్లాడింది. వినపడింది. వేలితో కొట్టింది. అదీ వినపడింది. మర్నాడూ చేసింది. అంతా సవ్యంగానే ఉంది. వీధిలోకి నడిచి వెళ్ళి ఒక కొట్టువాడి ఫోన్ అడిగి చేసింది. "చక్కగా వినపడుతున్నావు, వచ్చేటప్పుడు అరటిపళ్ళు పట్రా" అంది మైకత్త.

ఆ వారంలోనే ఒకాయన ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, నెరిసిన మీసం. ముందు ఎవరితో చెప్పాలో తెలియక గోడకున్న కాగితాలు చదువుతూ నిలబడ్డాడు. ఇన్‌ఛార్జిగారు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మొన్న పొద్దున మీకు ఫోన్ చేశానండి. మీ అమ్మాయి ఎత్తింది. నేను అంతా చెప్పాను. ఆమె 'వినపడుతుందా' అంటోంది. వినపడుతోందమ్మా అంటున్నా. మాట్లాడలేకపోతే వేలితో కొట్టమంది. కొట్టాను. 'చప్పుడు రావడం లేదు, పెట్టేస్తున్నా' అని పెట్టేసింది."

"మీ ఫోన్‌లో మైకు పోయుంటుందండి. ఒకసారి బాగుచేసేవాళ్ళకి చూపించండి" అన్నారు ఇన్‌ఛార్జిగారు, మర్యాదగానే.

"అదే ఫోన్‌తో ఆ తర్వాత అందరికీ కబురు చెప్పానండి. అందరికీ వినపడింది."

ఏం కబురని ఎవరూ అడగలేదు. గేటక్క గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దున అంటే ఏ వేళప్పుడండి?" అని మాత్రం అడిగింది.

"అందరూ పనుల్లోకి వెళ్ళే వేళ. రోడ్డు మీద హారన్లు." ఆయన గొడుగు చేతిలోంచి చేతికి మార్చుకున్నాడు. "ఇప్పుడేం అక్కర్లేదండి. ఊరికే చెప్పిపోదామని వచ్చాను."

ఆయన మెట్లు దిగుతుంటే గేటక్క చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు భోజనం చెయ్యలేదు. మధ్యాహ్నం కాగానే అన్నీ మళ్ళీ సరిచూసింది. ఏ తప్పూ లేదు. ఎప్పుడు చూసినా ఏ తప్పూ లేదు.

ఊరి చివర పాత టైర్ల గోడౌను అంటుకున్న రోజు పొద్దున ఆవిడ ఆఫీసుకు నడిచి వచ్చింది. అప్పటికింకా ఆకాశం ఒక మూలే నల్లగా ఉంది. కాసేపటికి గాలి తిరిగింది. కిటికీల అవతల వీధి పసుపుగా, తర్వాత బూడిదగా మారింది. కార్లు దీపాలు వేసుకుని నడిచాయి. వినే గదిలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. సెలవులో ఉన్నవాళ్ళని కూడా పిలిపించారు. అద్దంలోంచి చూస్తుంటే అందరి పెదాలూ ఒకటే మాట అంటున్నాయి. అంతమంది పెదాల మీద చూశాక గానీ గేటక్కకి అదేమిటో పోల్చుకోవడం చేతకాలేదు.

"వినపడుతుందా? వినపడుతుందా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి రద్దీలో గేటు తెర తెరిచింది.

లోపలికి వచ్చే మాటల లెక్కని ఆ తెర ఒక గీతగా గీస్తుంది. ఫోన్లు పెరిగితే గీత కొండలా లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఇప్పుడు గీత లేచి, ఒక ఎత్తు దగ్గర కత్తితో కోసినట్టు బల్లపరుపుగా ఆగిపోయి ఉంది. పైన శిఖరం లేదు. గేటక్క పాత రోజులవి తీసి చూసింది. కొద్దిరోజులుగా ప్రతి పొద్దునా అంతే. ప్రతి మధ్యాహ్నం, ఆవిడ పరీక్షలు చేసే వేళకి, గీత ఆ ఎత్తుకి ఎంతో కింద బుద్ధిగా పాకుతోంది.

తెర మూల పసుపు రంగు హెచ్చరికలు ఒక గుత్తిగా ఉన్నాయి. గడియారం కాస్త వెనకబడిందనీ, పాస్‌వర్డ్ మార్చమనీ, ఎప్పుడూ ఉండేవే, అందుకే ఆవిడ విడివిడిగా చదవడం మానేసినవే. వాటి మధ్యలో ఒకటి. ఈ యంత్రం గుర్తింపు లైసెన్స్‌తో సరిపోలడం లేదు, సరిచేసుకోవడానికి ఇచ్చిన గడువు ముగిసింది, బయటినుంచి లోపలికి పరిమిత సేవ మాత్రమే.

లోపలి మాట బయటికి ఎంతైనా వెళ్తుంది. బయటి మాట ఒక పరిమితి దాకే లోపలికొస్తుంది. ఆపైన వచ్చిన ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, అవతలి మనిషికి ఇక్కడి గొంతు శుభ్రంగా వినపడుతుంది. అతను చెప్పింది మాత్రం గేటు దగ్గర రాలిపోతుంది. మాటైనా, ఏడుపైనా, వేలి చప్పుడైనా.

ఆవిడ మొదట చేసిన పని ఇంటికి ఫోన్ చెయ్యడం. పిట్ట నంబరు ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ చేసింది. ఎంగేజ్. భర్తకి చేసింది.

"ఫైరింజనువాళ్ళు రోడ్డు మూసేశారు" అన్నాడాయన, దగ్గుతూ. "నడిచి బయల్దేరా. పిట్ట ఎవరితోనో మాట్లాడుతోంది, ఫోన్ కలవడం లేదు."

"మాట్లాడటం లేదు" అంది గేటక్క. ఫోన్ పెట్టేసింది.

చెయ్యవలసింది ఏమిటో తెలిసిపోయింది. పెద్ద పనేం కాదు. నకలు తాలూకు వివరాల ఫైలు తెరిచి, గుర్తింపు సంఖ్య ఉన్న ఒక్క వరసలో అసలుదాని సంఖ్య రాయాలి. అసలుది ఎలాగూ ఆపేసి ఉంది. కానీ రాస్తే చాలదు. ఫైర్‌వాల్‌ని పూర్తిగా ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. అది లేచి నిలబడేదాకా ఒక్క ఫోన్ కూడా ఉండదు. ఇప్పుడు మాట్లాడుతున్నవన్నీ తెగిపోతాయి.

ఇన్‌ఛార్జిగారు విన్నారు. ఆయన గొంతు పెంచలేదు.

"ఇప్పుడు వినపడుతున్నవాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళని కోసేస్తే ఎవరో ఒకరు పోతారు. అప్పుడు కోసింది మనమే అవుతాం."

"ఇప్పుడూ కోస్తున్నది మనమే సార్. కనపడటం లేదంతే."

"సాయంత్రానికి తగ్గుతుంది. అప్పుడు చెయ్యి. రద్దీలో చెయ్యి పెట్టకూడదని ఎప్పుడూ చెప్పేదానివి నువ్వేగా?"

గేటక్క చూపు చేతిలోని ఫోన్ మీదికి వెళ్ళింది.

"నీవాళ్ళెవరైనా ఉన్నారా ఆ పొగలో?"

"మా ఆడపడుచు ఉంది. ఉబ్బసం."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "మరి నిన్ను నమ్మమంటావా, వద్దంటావా?"

"నాకూ తెలీడం లేదు సార్" అంది.

అది నిజం. ఆ క్షణాన తను అందరి కోసం అంటున్నదీ, పిట్ట కోసం అంటున్నదీ విడదీయడం ఆవిడకి చేతకాలేదు. తమ మధ్యకి మైకత్త ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. ఆవిడ గొంతు ఆ రోజు చాలా చిన్నగా ఉంది.

"నేను ఎత్తినవాటిలో సగం మూగవే. ఒకళ్ళేననుకున్నా, పెట్టేస్తే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారని విసుక్కున్నా. ఇందాక ఒకళ్ళని తిట్టా కూడా. అవతలివాళ్ళకి మేం వినపడుతున్నామా?"

"వినపడుతున్నారత్తా."

మైకత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. "నీకు ఎంతసేపు కావాలి?"

"అది లేచేదాకా. టీ కాచుకున్నంత సేపు."

"సరే. అడ్రసులు చెబుతున్నవాళ్ళని చెప్పనిద్దాం. కొత్త ఫోన్ ఎవరూ ఎత్తరు. అడ్రసు అందినవాళ్ళు అందినట్టు చెయ్యెత్తుతారు. అన్ని చేతులూ లేచాక నువ్వు కొయ్యి." ఇన్‌ఛార్జిగారి వైపు తిరిగింది. "మీరు వద్దంటే ఇప్పుడే అనండి. తర్వాత అనకండి."

ఆయన దారిచ్చి పక్కకి జరిగారు. కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డారు.

గేటక్క సంఖ్య మార్చింది. ఒక్కో అంకె వేలితో తెర మీద పెట్టి చదివింది. ఆపే కమాండ్ కొట్టి, ఎంటర్ నొక్కకుండా తలెత్తి అద్దంలోకి చూసింది. అవతల చేతులు లేస్తున్నాయి. బడిలో జవాబు తెలిసిన పిల్లల్లా ఒక్కొక్కటే. ఎత్తని ఫోన్లకి బల్లల మీద ఎర్రదీపాలు కొట్టుకుంటున్నాయి. చివరికి ఒక్క చెయ్యి మిగిలింది. కిటికీ పక్కన కూర్చునే గుండ్రటి ముఖం అమ్మాయి. చెయ్యెత్తలేదు. పెదాలు నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు కదులుతున్నాయి. మైకత్త వెళ్ళి ఆమె వెనక నిలబడింది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆమెకి ఎవరో వినపడుతున్నారు. వాళ్ళు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

గేటక్క వేలు కీ మీద ఉంది. పిట్ట నంబరు ఎంగేజ్‌లో ఉంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంది. ఆ అమ్మాయి వైపే చూసింది. వదిలెయ్, వదిలెయ్ అని మనసులో అంటున్నానని తెలుసుకుని, ఆ మాట ఆపింది. కాసేపటికి మళ్ళీ అదే మాట అనుకుంటోంది.

చెయ్యి లేచింది. మైకత్త అద్దంలోంచి తలూపింది. గేటక్క నొక్కింది.

ఎర్రదీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. అటుపక్క అందరూ చేతులు దించడం మరిచిపోయి అలాగే కూర్చున్నారు. నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పాకడం మొదలైంది. మెమరీ చూసుకుంటోంది. డిస్క్ చూసుకుంటోంది. బయటి కార్డు దొరికింది. లోపలి కార్డు దొరికింది. తర్వాత కదలిక ఆగిపోయింది. అక్కడ అది ఎప్పుడూ కాస్త ఆగుతుందని ఆవిడకి తెలుసు. తెలిసినా తెర అంచు రెండు చేతులతో పట్టుకుంది. ఊరంతా నోరు తెరిచి ఉంది, ఒక్క శబ్దం లేదు.

పచ్చ టిక్కు పడింది. అద్దం అవతల దీపాలన్నీ కలిసి వెలిగాయి. గీత లేచింది. ఆ ఎత్తు దాటింది. దాటి ఇంకా పైకి వెళ్ళింది. అంతసేపూ ఎంతమంది బయట నిలబడి ఉన్నారో అప్పుడు కనపడింది.

కాసేపటికి మైకత్త ఒక ఫోన్ ఎత్తి, కళ్ళెత్తి అద్దం వైపు చూసింది. కుర్చీ తిప్పుకుని అటు వీపు పెట్టి మాట్లాడింది. బండి పంపించాక లేచి వచ్చి తలుపు తీసింది.

"మీ మేడ మీదావిడ చేసిందే. కింద కుట్టుపని అమ్మాయి పడిపోయిందంది. ఊపిరి ఉందట. బండి వెళ్ళింది."

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో పిట్ట కళ్ళు తెరిచి, ముక్కు మీది మాస్కు కొంచెం పక్కకి జరిపింది. గేటక్క మంచం పక్కన స్టూలు మీద ఉంది. కిటికీ అద్దాల మీద ఇంకా మసి ఉంది.

"మాట్లాడకు."

"మాట్లాడతా. నిన్న అంతా మూగదాన్నేగా." గొంతు కాగితం చింపినట్టుంది. "మేడ మీదావిడ మొదట్లోనే వచ్చింది వదినా. ఆటో పిలుస్తా, పద అంది. నేనే వద్దని చెయ్యి ఊపా."

"ఎందుకు?"

"నువ్వున్నావుగా అక్కడ. ఆవిడకి కాగితం మీద రాసి చూపించా. మా వదినే గేటు, బండి వచ్చేస్తుంది అని. ఆవిడ సరేలే అని పైకెళ్ళిపోయింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ పిల్ల 'వినపడుతుందా' అంటోంది. కొడుతున్నా. పెట్టేస్తోంది. మళ్ళీ చేస్తున్నా. ఒకసారి ఎవరో తిట్టారు కూడా. మైకత్తేమో, ఆ గొంతు."

గేటక్క దుప్పటి అంచు చూస్తూ చెప్పింది. నకలు సంగతీ, సంఖ్య సంగతీ చెప్పింది. ఎప్పుడూ ఫోన్లు లేని వేళే చూసుకుంటూ వచ్చిన సంగతీ చెప్పింది. "నీ చప్పుడు నేను పెట్టిన దాని దగ్గరే ఆగింది" అంది.

పిట్ట మాస్కు మళ్ళీ పెట్టుకుంది. గేటక్క మాట అయిపోయిందనుకుంది. కానీ పిట్ట మళ్ళీ జరిపింది.

"నా సంగతి సరే. నాలాగే చేసినవాళ్ళు?"

"మైకత్త నంబర్లన్నీ తీసి తిరిగి చేస్తోంది. పొద్దుటినుంచి అదే పని."

"ఎత్తుతున్నారా?"

గేటక్క లేచి మాస్కు సరిగ్గా పెట్టింది. దాని తాడు పిట్ట చెవి వెనకకి నెమ్మదిగా సర్దింది.

"కొంతమంది" అంది.